ఎనిమిది గోరుటీన్లు, ఒక మ్యాప్: నకిలీ ఫైళ్ళు పట్టే ప్రోగ్రామ్ డైరీ

గో అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒకేసారి చాలా పనులు నడిపే ప్రోగ్రామ్ రాయబోతున్నవాళ్ళ కోసం ఈ డైరీ. పని చిన్నదే. ఒక ఫోల్డర్, దాని లోపలి ఫోల్డర్లు అన్నీ తిరిగి, ప్రతి ఫైలుకీ ఎస్‌హెచ్‌ఏ-256 హాష్ (ఫైలు లోపలున్నదాన్ని బట్టి వచ్చే వేలిముద్ర లాంటి కోడ్) వేయాలి. ఒకే హాష్ వచ్చిన ఫైళ్ళను ఒక గుంపుగా చూపించాలి. సైజు సమానంగా ఉన్నవాటికే హాష్ వేస్తే సరిపోతుందని తెలుసు. నేను తేల్చుకోవాలనుకున్నది లాకుల (ఒకరు డేటాని మారుస్తుండగా మిగతావాళ్ళని ఆపే తాళాల) సంగతి కాబట్టి కావాలనే అన్నిటికీ వేశాను.

వాడింది గో 1.25. మెషీన్‌లో 8 కోర్లు, 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ.

దశ 0: ముందు ఒక సరైన జవాబు

గోరుటీన్లు (గోలో ఒకేసారి పక్కపక్కన నడిచే చిన్న పనులు) లేకుండా, ఒక ఫైలు తర్వాత ఒకటిగా నడిచే ప్రోగ్రామ్ మొదట రాశాను. ఇది స్పీడు కోసం కాదు, తర్వాత వచ్చే ప్రతి వెర్షన్‌నూ దీనితో పోల్చి చూడాలి కాబట్టి.

1. టెస్టు ఫోల్డర్: 41,260 ఫైళ్ళు, మొత్తం 38.4 జీబీ. ర్యామ్ కన్నా పెద్దది కావాలనే తీసుకున్నాను. చిన్నదైతే మొదటి రన్‌లోనే ఫైళ్ళన్నీ ఆపరేటింగ్ సిస్టమ్ క్యాష్‌లోకి వచ్చేస్తాయి. రెండో రన్ దానంతటదే వేగంగా నడుస్తుంది, ఆ వేగం మనం చేసిన మార్పు వల్ల వచ్చిందని పొరబడతాం.
2. గుంపులను హాష్ వరసలో, ఒక్కో గుంపులో ఫైళ్ళను పేరు వరసలో సర్ది, ఒక టెక్స్ట్ ఫైలులో దాచాను.
3. ఆ తర్వాత ప్రతి వెర్షన్ ఫలితాన్నీ ఈ ఫైలుతో డిఫ్ చేశాను, అంటే లైను లైనూ పోల్చి తేడాలు చూశాను.

దశ 5లో దొరికిన తప్పు ఈ ఫైలు ఉండబట్టే బయటపడింది. లేకపోతే ఇంకా లోపలే ఉండేది.

*ఇప్పటిదాకా లెక్క: 2 గంటల పని. రన్ సమయం 94 సెకన్లు. గుంపులు 1,873. అదనపు కాపీలు 4,112.*

దశ 1: ఫైలుకో గోరుటీన్

ఫైళ్ళ పేర్లన్నీ ఒక జాబితాలో, గో మాటల్లో స్లైస్‌లో పోగేసి, ఫర్ లూప్‌లో ఒక్కో ఫైలుకీ ఒక గోరుటీన్ వదిలాను. అందరూ రాసేది, ఏ హాష్‌కి ఏ ఫైళ్ళో దాచుకునే ఒకే మ్యాప్‌లోకి. పూర్తయిన ఫైళ్ళ సంఖ్య ఒక మామూలు ఇంట్ వేరియబుల్.

మొదటి రన్‌లో 41,260 ఫైళ్ళకు బదులు కొద్ది ఫైళ్ళే మళ్ళీ మళ్ళీ కనిపించాయి. ప్రాజెక్టు వాడే గో వెర్షన్ రాసి ఉండే గో.మాడ్ ఫైలును పాత ప్రాజెక్టు నుంచి కాపీ చేసుకున్నాను, అందులో "గో 1.20" అని ఉంది. లూప్ వేరియబుల్ ప్రతి చుట్టుకీ కొత్తగా పుట్టడం 1.22 నుంచి వచ్చిన మార్పు. కంపైలర్ ఎంత కొత్తదైనా ఈ విషయంలో గో.మాడ్‌లోని లైనునే చూస్తుంది. అందుకే గోరుటీన్లన్నీ ఒకే వేరియబుల్‌ని పంచుకున్నాయి. లైను మార్చాక పోయింది.

తర్వాత అసలు సమస్య మొదలైంది. పదిసార్లు రన్ చేస్తే ఏడుసార్లు ఇది వచ్చింది:

"ఫేటల్ ఎర్రర్: కాంకరెంట్ మ్యాప్ రైట్స్"

ప్యానిక్ (మధ్యలో పట్టి ఆపగల ఎర్రర్) అనుకుని, గోరుటీన్ మొదట్లో డిఫర్ (ఫంక్షన్ ముగిసేటప్పుడు నడిచేది) పెట్టి, ప్యానిక్‌ని పట్టే రికవర్ పిలిచాను. ఏమీ మారలేదు. ఇది ప్యానిక్ కాదు. ఒకే మ్యాప్‌లో ఇద్దరు ఒకేసారి రాస్తున్నట్టు, ప్రోగ్రామ్‌ని లోపలి నుంచి నడిపించే గో రన్‌టైమ్ గమనిస్తే, లోపలి డేటా పాడై ఉండొచ్చని ప్రాసెస్‌నే ఆపేస్తుంది, రికవర్‌కి అందదు. ఈ తనిఖీ గో 1.6 నుంచి ఉంది. కానీ ప్రతిసారీ పట్టుకుంటుందన్న హామీ లేదు, పట్టుబడితే పట్టుబడినట్టు.

నన్ను ఎక్కువ కంగారు పెట్టింది క్రాష్ కాని ఆ మూడు రన్లు. పూర్తయిన ఫైళ్ళ సంఖ్య ఇలా వచ్చింది: 41,258, 41,259, 41,260. ఒకదానిలో రెండు తక్కువ, ఒకదానిలో ఒకటి తక్కువ, మూడోది పక్కాగా సరిపోయింది. ఆ మూడోది మొదట వచ్చి ఉంటే, మిగతా పని మొదలుపెట్టేసి ఉండేవాణ్ణి.

సంఖ్య ఎందుకు తగ్గిందంటే, "పూర్తి++" చూడటానికి ఒక్క పని, నిజానికి మూడు: పాత విలువ చదవాలి, ఒకటి కలపాలి, తిరిగి రాయాలి. ఇద్దరూ 20,500 చదివారనుకోండి, ఇద్దరూ 20,501 రాస్తారు. రెండు ఫైళ్ళు పూర్తయ్యాయి, లెక్క మాత్రం ఒకటే పెరిగింది. ఆ మూడు పనులకీ పట్టేది నానోసెకన్లే కాబట్టి ఢీకొనడం అరుదు. అందుకే 41 వేలలో ఒకటో రెండో పోయాయి. వందల్లో పోయి ఉంటే వెంటనే కళ్ళబడేది.

ఇదే దశలో ఇంకో సంగతి. గోరుటీన్, తాను పిలిచిన ఫంక్షన్ల వివరాలు దాచుకునే 2 కేబీ స్టాక్‌తో మొదలవుతుంది కాబట్టి ఎన్నయినా పెట్టుకోవచ్చని నేనూ అనుకున్నాను. కానీ గోరుటీన్ తనతో పాటు పట్టుకొచ్చేవి వేరే ఉన్నాయి. ఐఓ.కాపీ ఒక్కో ఫైలుకీ 32 కేబీ బఫర్ తీసుకుంటుంది. 41,260 ఒకేసారి బతికి ఉంటే అదే 1.3 జీబీ. పైగా మామూలు ఫైలు చదువుతూ ఆగిన గోరుటీన్ ఒక ఓఎస్ థ్రెడ్‌ని కూడా పట్టుకుని కూర్చుంటుంది. నెట్‌వర్క్ కనెక్షన్లకు ఉన్న, థ్రెడ్‌ని పట్టుకోకుండా ఎదురుచూసే సౌకర్యం డిస్కు ఫైళ్ళకు లేదు. థ్రెడ్లు 1,400 దాటడం చూసి ఈ పద్ధతి వదిలేశాను.

*లెక్క: 5 గంటలు. తప్పులు 3 (లూప్ వేరియబుల్, మ్యాప్, కౌంటర్).*

దశ 2: ఎనిమిది మంది వర్కర్లు, ఒక మ్యూటెక్స్, రేస్ డిటెక్టర్

మార్చినవి:

1. ఒక చానల్‌లోకి (గోరుటీన్ల మధ్య విలువలు చేరవేసే గొట్టం) ఫైళ్ళ పేర్లు పంపే గోరుటీన్ ఒకటి.
2. ఆ చానల్ నుంచి తీసుకుని హాష్ వేసే వర్కర్లు ఎనిమిది.
3. మ్యాప్‌కీ కౌంటర్‌కీ కలిపి ఒక మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్కరినే లోపలికి వదిలే లాక్). హాష్ వేయడం లాక్ బయట, మ్యాప్‌లో చేర్చడం మాత్రమే లాక్ లోపల.
4. వెయిట్‌గ్రూప్‌కి (గోరుటీన్లన్నీ ముగిసేదాకా ఆగడానికి వాడేది) యాడ్ పిలవడం గోరుటీన్ మొదలుపెట్టే ముందే. గోరుటీన్ లోపల పిలిస్తే, అది ఇంకా మొదలవకముందే వెయిట్ దాటిపోవచ్చు. 1.25లో వెయిట్‌గ్రూప్‌కి వచ్చిన "గో" మెథడ్ ఈ రెండిటినీ కలిపి చేసిపెడుతుంది, ఇప్పుడు అదే వాడుతున్నాను.

17 సెకన్లలో ముగిసింది. డిఫ్‌లో తేడా లేదు. వర్కర్ల సంఖ్య మార్చి చూశాను: ఒకరికి 94, ఇద్దరికి 49, నలుగురికి 27, ఎనిమిదికి 17, పదహారుకీ 17, ముప్పై రెండుకి 18. ఎనిమిది దగ్గరే ఆగాను.

జవాబు సరిగ్గా ఉన్నా, ఒకే మెమరీని ఇద్దరు క్రమం లేకుండా తాకితే (డేటా రేస్) పట్టుకునే రేస్ డిటెక్టర్‌తో నడిపాను. "గో బిల్డ్ -రేస్" అంటే చాలు, 1.1 నుంచి గోతో పాటే వస్తుంది. ఇది వచ్చింది:

వార్నింగ్: డేటా రేస్
రీడ్, గోరుటీన్ 7: షోప్రోగ్రెస్, 58వ లైను
ప్రీవియస్ రైట్, గోరుటీన్ 19: వర్కర్, 91వ లైను

58వ లైనులో ఉన్నది సెకనుకోసారి "ఇన్ని పూర్తయ్యాయి" అని చూపించే గోరుటీన్. అది కౌంటర్‌ని లాక్ లేకుండా చదువుతోంది. రాసేవాళ్ళకి లాక్ పెట్టి, చదవడమే కదా అని అక్కడ వదిలేశాను. చదివేవాడు లాక్ వేసుకోకపోతే రాసేవాడు వేసిన లాక్ అతన్ని ఆపదు. ఒక ఇంట్‌తో అయితే పాత విలువ కనిపించడంతో పోవచ్చు. అదే స్లైస్ అయితే లోపల మూడు భాగాలుంటాయి: పాయింటర్, పొడవు, కెపాసిటీ. పాత పాయింటర్‌తో కొత్త పొడవు కలిసి వస్తే మనది కాని మెమరీ చదువుతాం.

ఈ రిపోర్ట్ చదవడం మొదట్లో కష్టంగా ఉంటుంది. నేను ఇలా చదువుతాను: రెండు భాగాల్లోనూ నా ఫైలు పేరున్న మొదటి లైను చూస్తాను. ఈ రెండు లైన్లలో ఏది ముందు, ఏది తర్వాత అని నిర్ణయించేది కోడ్‌లో ఏముంది అని అడుగుతాను. లాక్, చానల్, వెయిట్, అటామిక్ (మధ్యలో ఎవరూ దూరలేని ఒకే అడుగు), ఇలాంటిది ఏదో ఒకటి వేలు పెట్టి చూపించగలగాలి. "ఈపాటికి అయిపోయి ఉంటుందిలే" అన్నది జవాబు కాదు.

కౌంటర్‌ని అటామిక్.ఇంట్64కి మార్చాను. 1.19లో వచ్చిన ఈ టైపు పాత యాడ్‌ఇంట్64 ఫంక్షన్ కన్నా నయం, ఎందుకంటే లోపలి విలువ బయటికి కనిపించదు. ఒకచోట అటామిక్‌గా పెంచి ఇంకోచోట మామూలుగా చదివే అవకాశమే ఉండదు. నేను చేసింది సరిగ్గా ఆ తప్పే.

డిటెక్టర్ వాడేవాళ్ళకు మూడు మాటలు.

- సమయం మామూలుగా 2 నుంచి 20 రెట్లు, మెమరీ 5 నుంచి 10 రెట్లు పెరుగుతుందని గో డాక్యుమెంటేషన్ చెబుతుంది. నాకు 17 నుంచి 21 సెకన్లకే పెరిగింది. ఎస్‌హెచ్‌ఏ-256 అసలు పని అసెంబ్లీలో ఉంది, డిటెక్టర్ దాన్ని ముట్టుకోదు.
- రేస్ దొరికితే ప్రోగ్రామ్ 66 కోడ్‌తో బయటికొస్తుంది. ఆటోమేటిక్ బిల్డ్‌లో ఆ కోడ్‌ని చూసుకోండి.
- ఆ రన్‌లో నిజంగా నడిచిన కోడ్‌లోని రేస్‌లే దానికి కనిపిస్తాయి. అందుకే 200 ఫైళ్ళ చిన్న టెస్టు రాసి, "-కౌంట్=20 -సీపీయూ=1,2,4,8" పెట్టి నడుపుతున్నాను.

దశ 1 కోడ్‌ని కూడా వెనక్కి తెచ్చి డిటెక్టర్ కింద నడిపాను. ఆ మూడు తప్పులూ దొరికాయి.

*లెక్క: 8 గంటలు. తప్పులు 4. డిటెక్టర్ పట్టినవి 4. రన్ సమయం 17 సెకన్లు.*

దశ 3: కాపీ అయిపోయిన లాక్

కోడ్ శుభ్రం చేద్దామని మ్యాప్‌నీ మ్యూటెక్స్‌నీ విలువలు కలిపి ఉంచే ఒక స్ట్రక్ట్‌లో పెట్టి, "యాడ్" అనే మెథడ్ రాశాను. రిసీవర్ (మెథడ్ పనిచేసే విలువ) ముందు నక్షత్రం పెట్టడం మర్చిపోయాను. అంటే పాయింటర్ కాదు, వాల్యూ రిసీవర్.

మళ్ళీ కాంకరెంట్ మ్యాప్ రైట్స్. లాక్ వేస్తున్న లైను కళ్ళెదుటే ఉంది, అయినా క్రాష్. అరగంట ఆ లైను చుట్టూనే తిరిగాను. జరిగింది ఇదీ: వాల్యూ రిసీవర్ కాబట్టి పిలిచిన ప్రతిసారీ స్ట్రక్ట్ మొత్తం కాపీ అవుతోంది, దాంతో పాటు మ్యూటెక్స్ కూడా. ప్రతివాడూ తన సొంత కాపీకి లాక్ వేసుకుంటున్నాడు. మ్యాప్ మాత్రం కాపీ అయినా లోపల ఒకే డేటాని చూపిస్తుంది. ఎనిమిది తలుపులకు ఎనిమిది తాళాలు, లోపల గది ఒక్కటే.

కోడ్‌ని నడపకుండానే తప్పులు వెతికే "గో వెట్" నడిపితే ఒక్క క్షణంలో చెప్పింది: పాసెస్ లాక్ బై వాల్యూ. మరి గో టెస్ట్ కూడా వెట్ నడుపుతుంది కదా, అప్పుడెందుకు చెప్పలేదని వెతికాను. గో టెస్ట్ నడిపేది వెట్‌లోని కొన్ని తనిఖీలనే. లాక్ కాపీని పట్టే తనిఖీ అందులో లేదు. ఇప్పుడు బిల్డ్ స్క్రిప్టులో టెస్టు కన్నా ముందు గో వెట్‌ని విడిగా పెట్టాను.

*లెక్క: 9.5 గంటలు. తప్పులు 5. డిటెక్టర్ పట్టినవి 5 (మ్యాప్ రేస్ చూపించింది, కారణం చూపింది వెట్).*

దశ 4: ఎక్కడికక్కడే ఆగిపోయింది

అన్నిటికన్నా పెద్ద గుంపు ఏదో ప్రోగ్రామ్ నడుస్తుండగానే చూపిద్దామనుకున్నాను. "లార్జెస్ట్" అనే మెథడ్ రాసి, ఏ గుంపైనా 10 దాటితే యాడ్ లోపలి నుంచి పిలిచాను. 200 ఫైళ్ళ టెస్టు పాసైంది. పెద్ద ఫోల్డర్ మీద ఇలా నిలబడిపోయింది:

12,406 / 41,260
12,406 / 41,260
12,406 / 41,260

అందరూ ఆగిపోతే "ఆల్ గోరుటీన్స్ ఆర్ అస్లీప్ - డెడ్‌లాక్" అని గో చెప్పాలి కదా. చెప్పలేదు. ఆ మెసేజ్ రావాలంటే ముందుకు కదలగల గోరుటీన్ ఒక్కటి కూడా ఉండకూడదు. సెకనుకోసారి టైమర్‌తో లేచి ప్రోగ్రెస్ చూపించే గోరుటీన్ నాకు ఉంది, అది బతికే ఉంది. సర్వర్ ప్రోగ్రామ్‌లదీ ఇదే పరిస్థితి: సగం పైగా హ్యాంగ్ అయినా రన్‌టైమ్ నోరు విప్పదు.

పనికొచ్చిన పద్ధతి:

1. టెర్మినల్‌లో కంట్రోల్ కీతో బ్యాక్‌స్లాష్ నొక్కాను. సిగ్‌క్విట్ సిగ్నల్ వెళ్ళి, ప్రోగ్రామ్ ఆగిపోతూ అన్ని గోరుటీన్ల స్టాకులూ ప్రింట్ చేసింది.
2. వర్కర్లు ఎనిమిదిమందీ "సింక్.మ్యూటెక్స్.లాక్, 3 మినిట్స్" అనే స్థితిలో ఉన్నారు.
3. ఒక్కొక్కరు ఏ లైనులో ఆగారో రాసుకున్నాను. ఏడుగురు యాడ్‌లోని 34వ లైనులో. ఒక్కడు మాత్రం లార్జెస్ట్‌లోని 52వ లైనులో.

ఆ ఒక్కడి స్టాక్ కింది నుంచి పైకి చదివితే కథంతా తెలిసింది: వర్కర్, దాని పైన యాడ్, దాని పైన లార్జెస్ట్, దాని పైన లాక్. యాడ్‌లో లాక్ వేసుకున్నవాడే లార్జెస్ట్‌లోకి వెళ్ళి అదే లాక్ కోసం నిలబడ్డాడు. తన చేతిలో ఉన్నదాని కోసం తనే ఎదురుచూస్తున్నాడు. చిన్న టెస్టులో ఏ గుంపూ పది దాటలేదు కాబట్టి అక్కడ ఆ దారిలోకే వెళ్ళలేదు. పెద్ద ఫోల్డర్‌లో 11కి చేరిన మొదటి గుంపు ఏదో చూశాను. హాష్ "ఈ3బీ0సీ442"తో మొదలైంది. అది ఖాళీ ఫైలు హాష్. సున్నా బైట్ల ఫైళ్ళన్నీ ఒకే గుంపు.

జావాలో సింక్రనైజ్డ్‌కి ఒకే థ్రెడ్ మళ్ళీ మళ్ళీ లాక్ వేసుకోవచ్చు. గోలో కుదరదు, కావాలనే అలా పెట్టారు. మొదట్లో నాకిది లోటు అనిపించింది. ఇప్పుడు సబబే అనిపిస్తోంది. లాక్ చేతికొచ్చిందంటే లోపలి డేటా పొందికగా ఉందని నమ్మి పని మొదలుపెడతాం. సగం మార్పు చేసి ఉన్నవాడే మళ్ళీ లాక్ తీసుకుని లోపలికొస్తే ఆ నమ్మకానికి ఆధారం ఉండదు.

సరిచేసిన తీరు: బయటివాళ్ళు పిలిచే మెథడ్లు మాత్రమే లాక్ వేస్తాయి. లోపల వాడుకునే వాటి పేరు చివర "లాక్డ్" అని పెట్టాను, అవి లాక్ ముట్టుకోవు. పేరు చూస్తేనే ఎవరు ఎవరిని పిలవొచ్చో తెలుస్తుంది.

మర్నాడు ఇంకో హ్యాంగ్. ఈసారి అనుమతి లేని ఫోల్డర్ దగ్గర. ఎర్రర్ జాబితాలో రాయడానికి లాక్ వేసి, మధ్యలో ఒక ఇఫ్‌లోంచి రిటర్న్ అయిపోయాను, అన్‌లాక్ కిందే ఉండిపోయింది. లాక్ వేసిన మరుసటి లైనులోనే డిఫర్ అన్‌లాక్ రాస్తే ఈ బెడద లేదు. డిఫర్ ఖరీదు అన్నది పాత మాట, 1.14 నుంచి మామూలు సందర్భాల్లో దాని ఖర్చు దాదాపు లేనట్టే.

*లెక్క: 13.5 గంటలు. తప్పులు 7. డిటెక్టర్ పట్టినవి 5. రన్ సమయం 17 సెకన్లు, డిఫ్ శుభ్రం.*

దశ 5: డిటెక్టర్ మౌనం, జవాబు తప్పు

ఈ దశకే ఎక్కువ సమయం పట్టింది. ఈ డైరీ రాయాలనిపించింది కూడా దీనివల్లే.

లాకులతో విసిగి, మ్యాప్‌నీ మ్యూటెక్స్‌నీ తీసేసి సింక్.మ్యాప్ పెట్టాను. 1.9 నుంచి లైబ్రరీలో ఉన్నదే, ఎంతమంది ఒకేసారి వాడినా ఇబ్బంది లేదు. నేను రాసిన అడుగులు:

1. ఈ హాష్‌కి ఇప్పటిదాకా ఉన్న స్లైస్‌ని లోడ్‌తో తీసుకో.
2. దాన్ని ముట్టుకోకుండా కొత్త స్లైస్‌లోకి కాపీ చేసి, ఈ ఫైలు పేరు చేర్చు.
3. కొత్త స్లైస్‌ని స్టోర్‌తో తిరిగి పెట్టు.

క్రాష్ లేదు. హ్యాంగ్ లేదు. రేస్ డిటెక్టర్ కింద ఇరవైసార్లు నడిపాను, ఒక్క వార్నింగ్ లేదు. సమయం 17 సెకన్లు. టెస్టులన్నీ పాస్. చివరికి అలవాటుగా డిఫ్ చేస్తే:

గుంపులు: 1,871 (ఉండాల్సింది 1,873)
అదనపు కాపీలు: 4,106 (ఉండాల్సింది 4,112)

ఇంకోసారి నడిపితే 4,108. ఇంకోసారి 4,105.

మొదట ఫైళ్ళు చదవడంలో ఏదో పోతోందనుకున్నాను. ఎర్రర్ జాబితా ఖాళీ. హాష్ వేసిన ఫైళ్ళు 41,260, పక్కాగా ఉంది. అంటే హాష్ వేశాక, మ్యాప్‌లో చేరేలోపు పోతున్నాయి. పోయిన ఆరు పేర్లనూ డిఫ్‌లోంచి తీసి చూశాను. ఆరూ అసలు ఫైలు పక్కనే, అదే ఫోల్డర్‌లో ఉన్న కాపీలు. జాబితాలో పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఇద్దరు వర్కర్లకు ఒకేసారి అందుతాయి. సైజూ ఒకటే కాబట్టి హాష్ వేయడం దాదాపు ఒకేసారి ముగుస్తుంది. ఇద్దరూ ఒకే హాష్‌తో ఒకే క్షణంలో మ్యాప్ దగ్గరికి వస్తారు.

ఇద్దరూ లోడ్ చేశారు, "ఏమీ లేదు" అని ఇద్దరికీ జవాబొచ్చింది. మొదటివాడు తన ఒక్క పేరుతో స్లైస్ పెట్టాడు. రెండోవాడు తన ఒక్క పేరుతో దాని మీద పెట్టాడు. మొదటి పేరు పోయింది. జంట ఫైళ్ళయితే గుంపే లేకుండా పోతుంది, ఆ రెండు గుంపుల తేడా అదే.

ఊహ నిజమో కాదో తేల్చడానికి 1వ అడుగుకీ 3వ అడుగుకీ మధ్య 5 మిల్లీసెకన్ల స్లీప్ పెట్టాను. పోయిన కాపీలు ఆరు నుంచి 640కి పెరిగాయి. ఇది ఎవరికైనా పనికొచ్చే చిట్కా: ఇద్దరు దూరే సందు ఉందని అనుమానం వస్తే, స్లీప్‌తో ఆ సందుని వెడల్పు చేసి చూడండి. తప్పు పెరిగితే సందు అక్కడే ఉంది. కానీ స్లీప్‌తో తప్పు తగ్గినా, మాయమైనా అది రిపేరు కాదు. ఆ లైను తీసేయడం మర్చిపోవద్దు.

మరి డిటెక్టర్ ఎందుకు మౌనంగా ఉంది? దాని పని అది సరిగ్గానే చేసింది. ఒకే మెమరీని ఇద్దరు క్రమం లేకుండా తాకుతున్నారా అన్నదే అది చూస్తుంది. లోడ్ సురక్షితం. స్టోర్ సురక్షితం. పాత స్లైస్‌ని ముట్టుకోకుండా నేను తీసుకున్న జాగ్రత్త వల్ల ఉమ్మడి మెమరీ మీద గొడవ కూడా లేదు. అంటే డేటా రేస్ లేదు. తప్పు ఉన్నది రెండు సురక్షితమైన పనుల మధ్య ఖాళీలో. "చూసినప్పుడు ఉన్నదే, రాసేటప్పుడూ ఉంటుంది" అని నా కోడ్ నమ్ముకుంది. ఆ నమ్మకాన్ని కాపాడేది ఏదీ లేదు.

ఇక్కడే నాకు స్పష్టమైంది. దశ 2 నుంచి నేను లాక్‌ని మ్యాప్‌కి కాపలా అనుకుంటూ వచ్చాను. సింక్.మ్యాప్‌కి ఆ కాపలా లోపలే ఉంది కాబట్టి ఇక నాకు అక్కర్లేదనుకున్నాను. నాకు కాపాడాల్సింది మ్యాప్ కాదు, ఒక నియమం: "హాష్ వేసిన ప్రతి ఫైలు పేరూ ఏదో ఒక గుంపులో సరిగ్గా ఒక్కసారి ఉండాలి." ఆ నియమం లోడ్‌కీ తెలియదు, స్టోర్‌కీ తెలియదు, డిటెక్టర్‌కీ తెలియదు. రాసిన నాకే తెలియాలి.

సరిచేసిన తీరు: మామూలు మ్యాప్, ఒక మ్యూటెక్స్. చూడటం, చేర్చడం, పెట్టడం మూడూ ఒకే లాక్ లోపల. మ్యూటెక్స్ ఫీల్డ్ పైన ఒక కామెంట్ రాశాను, అది ఏ ఫీల్డ్‌ని కాపాడుతుందో కాదు, ఏ నియమాన్ని కాపాడుతుందో. ఆ వాక్యం రాయలేకపోతే లాక్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో నాకు ఇంకా తెలియనట్టే లెక్క.

సింక్.మ్యాప్‌ని తప్పుపట్టడం లేదు. ఒక కీకి ఒకసారి రాసి చాలాసార్లు చదివే చోట్లా, ఒక్కో గోరుటీన్ వేర్వేరు కీలతో పనిచేసే చోట్లా దాన్ని వాడమని డాక్యుమెంటేషనే చెబుతుంది. నా పని ఆ రెండిటిలో ఏదీ కాదు. ఒకే కీ మీదికి ఇద్దరు రావడమే నా ప్రోగ్రామ్ వెతికే విషయం.

*లెక్క: 19.5 గంటలు. తప్పులు 8. డిటెక్టర్ పట్టినవి 5. గుంపులు 1,873, అదనపు కాపీలు 4,112.*

దశ 6: నెమ్మది ఎక్కడ

పూర్తయిన ప్రతి ఫైలు పేరునూ తెర మీద చూపించే లైను చేర్చాక 17 సెకన్లు 21 అయ్యాయి. లాకే కారణమని తీర్మానించుకుని, కొలవకుండానే మార్పులు మొదలుపెట్టాను. ఆర్‌డబ్ల్యూమ్యూటెక్స్ (చదివేవాళ్ళు ఎంతమందైనా ఒకేసారి రాగల లాక్) పెట్టాను, మార్పు లేదు. ఇక్కడ అందరూ రాసేవాళ్ళే, చదివేవాళ్ళకు ఇచ్చే సౌకర్యం ఎవరికీ అక్కరకు రాదు. హాష్ మొదటి అంకెను బట్టి మ్యాప్‌ని 16 ముక్కలు చేసి ముక్కకో లాక్ పెట్టాను. కొంచెం తగ్గింది కానీ కోడ్ రెట్టింపైంది.

అప్పుడు మ్యూటెక్స్ ప్రొఫైల్ (లాకుల కోసం ఎక్కడ ఎంతసేపు ఆగారో చూపే కొలత) తీశాను. రన్‌టైమ్‌లోని సెట్‌మ్యూటెక్స్‌ప్రొఫైల్‌ఫ్రాక్షన్‌కి 1 ఇచ్చి, ఫలితాన్ని ప్రొఫైళ్ళు చూపే పీప్రాఫ్‌తో చూశాను. ఎనిమిది వర్కర్లు లాక్ కోసం ఎదురుచూసిన సమయం కలిపితే 20 సెకన్లు. చూపించిన చోటు యాడ్. ఆ చేర్చిన ప్రింట్ లైను యాడ్‌లో, లాక్ వేసి ఉండగానే నడుస్తోంది. మ్యాప్‌లో చేర్చడానికి మైక్రోసెకను కూడా పట్టదు, టెర్మినల్‌కి ఒక లైను రాయడానికి దానికి వందల రెట్లు పడుతోంది. అంతసేపూ మిగతా ఏడుగురూ గుమ్మం దగ్గరే.

ప్రింట్‌ని లాక్ బయటికి తీసి, ఒక చానల్ ద్వారా ఒకే గోరుటీన్‌కి అప్పగించాను. ఎదురుచూపు మొత్తం 0.1 సెకను లోపుకి పడిపోయింది. తర్వాత ఒక్కో పద్ధతీ ఐదేసిసార్లు నడిపిన సగటు, సెకన్లలో:

- ఒకే మ్యూటెక్స్: 17.0
- ఆర్‌డబ్ల్యూమ్యూటెక్స్: 17.1
- 16 ముక్కలు: 17.0
- వర్కర్‌కో సొంత మ్యాప్, చివర్లో కలపడం: 16.9

రన్‌కీ రన్‌కీ మధ్య తేడానే 0.4 దాకా ఉంది, కాబట్టి నాలుగూ సమానమే. ఒకే మ్యూటెక్స్ ఉంచాను. సొంత మ్యాపులు అందంగా ఉన్నాయి, లాకే అక్కర్లేదు, కానీ నడుస్తుండగా గుంపులు చూపించడం కుదరదు. ఆ అవసరం లేనివాళ్ళు దాన్నే తీసుకోండి.

*లెక్క: 23.5 గంటలు. తప్పులు 8, నెమ్మది 1. రన్ సమయం 17 సెకన్లు.*

దశ 7: మధ్యలో ఆపడం

కంట్రోల్-సీ నొక్కితే శుభ్రంగా ఆగాలని కాంటెక్స్ట్ (ఆగమన్న కబురు గోరుటీన్లకు చేరవేసేది) పెట్టాను. వర్కర్లు ఆగారు. పేర్లు పంపే గోరుటీన్ మాత్రం తీసుకునేవాడు లేని చానల్ దగ్గర నిలబడిపోయింది. టెస్టు ముందూ వెనకా, బతికున్న గోరుటీన్లెన్నో చెప్పే రన్‌టైమ్.నమ్‌గోరుటీన్ చూస్తే 2 కాస్తా 3 అయింది. పంపే చోట సెలెక్ట్ పెట్టి, పంపడమో కాంటెక్స్ట్ ముగియడమో ఏది ముందు జరిగితే అది అన్నాను. చానల్ మూసేది పంపేవాడు ఒక్కడే, తీసుకునేవాళ్ళెవరూ ముట్టుకోరు.

*లెక్క: 25.5 గంటలు. తప్పులు 9. డిటెక్టర్ పట్టినవి 5.*

దశ 8: తొలగింపు

అదనపు కాపీలు తీసేసే భాగం రాయబోతూ ఆగాను. హాష్ వేసిన సమయానికీ తొలగించే సమయానికీ మధ్య వేరే ప్రోగ్రామ్ ఏదైనా ఆ ఫైలులో రాయొచ్చు. దశ 5లోని సందే ఇది, కాకపోతే ఈసారి డిస్కు మీద. నా మ్యూటెక్స్ నా ప్రాసెస్ లోపలివాళ్ళనే ఆపుతుంది.

ఇప్పుడు చేస్తున్నది:

1. అదనపు కాపీని తొలగించకుండా, అదే డిస్కులోని వేరే ఫోల్డర్‌లోకి రీనేమ్ చేయడం.
2. అక్కడికి చేరాక దానికీ, అట్టిపెట్టుకున్న అసలు ఫైలుకీ మళ్ళీ హాష్ వేయడం.
3. రెండూ కలవకపోతే వెనక్కి పెట్టి, ఎర్రర్ జాబితాలో రాయడం.

మొదటి రన్‌లో 4,109 ఫైళ్ళు కదిలాయి. మూడు వెనక్కి వెళ్ళాయి. మూడూ ఖాళీ ఫైళ్ళ గుంపులోవే. మొదటి హాష్ వేసేనాటికి సున్నా బైట్లున్న లాగ్ ఫైళ్ళు, ఈలోపు వాటిలో ఏదో ప్రోగ్రామ్ రాయడం మొదలుపెట్టింది. అప్పటికే తెరిచి ఉన్న ఫైలులో రీనేమ్ తర్వాత కూడా రాయగలరు కాబట్టి, కదిలిన 4,109 ఫైళ్ళనూ ఇంకా చెరపలేదు. వారం తర్వాత అన్నిటికీ మరోసారి హాష్ వేసి చూస్తాను.